సీప్లేన్‌కు లాంచీ దారి ఇవ్వాలా, లాంచీకి సీప్లేన్ దారి ఇవ్వాలా?

తెరచాప (సికింద్రాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. గత ఆదివారం నాగార్జునసాగర్‌లో మా మేనమామ గారింట్లో జరిగిన ఒక వాదన నన్ను ఇంకా వదలడం లేదు. మామయ్య పాతికేళ్లకు పైగా సాగర్ జలాశయంలో లాంచీ సరంగుగా పని చేస్తున్నారు. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం పాతాళగంగ వరకు సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపినప్పటి నుంచి సాగర్ రేవులో కూడా ‘రేపో మాపో మన దగ్గరా దిగుతుంది’ అనే మాట వినిపిస్తూనే ఉంది. ఉడాన్ పథకం మూడో విడతలో నాగార్జునసాగర్ పేరు జల విమానాశ్రయాల జాబితాలో వచ్చిన సంగతి కూడా అక్కడివారు మరచిపోలేదు.

భోజనాలయ్యాక మామయ్య, ‘విమానం వస్తే మనమే పక్కకు జరగాలి, అందులో అనుమానం ఏముంది? లారీ వస్తుంటే సైకిలు దిగి నిలబడమా?’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకున్న మొదటి వారంలోనే మాకు చెప్పిన నియమం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇంజను ఉన్న పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలి, సులువుగా తిరగగలిగినది తిరగలేని దానికి దారి ఇవ్వాలి. ఆ లెక్కన నీటి మీదకు దిగిన విమానం అందరికంటే ముందు తప్పుకోవాలి కదా అని నా వాదన. మామయ్య నవ్వి, ‘నీ పుస్తకం విమానానికి తెలుసా?’ అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

నౌకాయాన నియమాలు తెలిసినవారు, విమానాల పని తెలిసినవారు ఇక్కడ ఉన్నారు. నీటి మీద ఉన్న సీప్లేన్‌ను చట్టం విమానంగా చూస్తుందా, పడవగా చూస్తుందా, ఎదురుపడినప్పుడు ఎవరు తప్పుకోవాలి, పుట్టి (తెడ్డుతో నడిపే గుండ్రటి చిన్న పడవ) వేసుకుని వల పరిచిన మనిషి సంగతి ఏమిటి అన్నవి నా సందేహాలు. దయచేసి వివరంగా చెప్పగలరు.

పాత నావికుడు (సైనిక్‌పురి)

తెరచాప గారూ, మీ మామయ్య గారు అడిగినది చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లు వాణిజ్య నౌకల మీద గడిపిన నేను ఈ నియమాన్ని పరీక్షల కోసం బట్టీ పట్టాను, కానీ దాన్ని నిజంగా అర్థం చేసుకున్నది మాత్రం మాల్దీవుల రాజధాని మాలే దగ్గర లంగరు వేసినప్పుడే. అక్కడ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా సీప్లేన్లు మా నౌక చుట్టూ దిగుతూ లేస్తూ ఉండేవి.

సముద్రంలో ఢీకొనడాలను నివారించే అంతర్జాతీయ నియమావళి 1972లో రూపొందింది, 1977 జూలై 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని 3వ నియమం నౌక అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే సీప్లేన్‌ను పేరు పెట్టి చేర్చింది. నీటి మీద మసలడానికి తయారు చేసిన ఏ విమానమైనా సీప్లేనే. కాబట్టి గాలిలో ఉన్నంత సేపు అది విమానం, నీటి మీద ఉన్నంత సేపు మన దృష్టిలో అది కూడా ఒక నౌక. ‘నీ పుస్తకం విమానానికి తెలుసా’ అన్న ప్రశ్నకు, తెలిసి తీరాలి అన్నదే సమాధానం.

ఎవరు తప్పుకోవాలన్నది 18వ నియమంలో ఉంది. అది ఒక నిచ్చెన లాంటిది. అదుపు తప్పిన నౌక అన్నిటికంటే పైన ఉంటుంది. దాని సరసనే, చేస్తున్న పని వల్ల తిరగలేని నౌక, అంటే నీటి అడుగున కేబుల్ వేస్తున్నదో పూడిక తీస్తున్నదో, ఉంటుంది. ఆ తరువాత వల వేసి చేపలు పడుతున్న నౌక, దాని కింద తెరచాప నౌక, దాని కింద మామూలు మర నౌక, అంటే ఇంజనుతో నడిచేది, వస్తాయి. సీప్లేన్ ఈ మెట్లన్నిటికీ అడుగున ఉంటుంది. నీటి మీద ఉన్న సీప్లేన్ సాధారణంగా అన్ని నౌకలకూ బాగా దూరంగా ఉండాలి, వాటి ప్రయాణానికి అడ్డు రాకూడదు అని నియమం చెబుతుంది. ఇంతవరకు చదివితే మీరే గెలిచారు.

అయితే ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. ఢీకొనే ప్రమాదం ఏర్పడిన పరిస్థితిలో సీప్లేన్ కూడా ఈ భాగంలోని నియమాలన్నిటినీ పాటించాలి అని దాని వెంటే రెండో వాక్యం ఉంది. చాలామంది మొదటి వాక్యం దగ్గరే పుస్తకం మూసేస్తారు. రెండో వాక్యానికి అర్థం ఏమిటంటే, దూరంగా ఉండడం సాధ్యం కాక రెండూ నిజంగా దగ్గర పడుతున్నప్పుడు సీప్లేన్‌ను మర నౌకతో సమానంగా చూడాలి. ఎదురెదురుగా వస్తే రెండూ కుడి వైపుకు తిరగాలి. అడ్డంగా వస్తుంటే, తన కుడి పక్కన ఎదుటి నౌక కనబడుతున్నవారు తప్పుకోవాలి. వెనక నుంచి దాటిపోయేవారు ముందున్నవారికి దారి ఇవ్వాలి. కాబట్టి మీ మామయ్య గారి లాంచీకి కుడి పక్క నుంచి సీప్లేన్ నెమ్మదిగా వస్తూ, ఇద్దరి దారులూ కలిసేటట్టు ఉంటే, తప్పుకోవలసిన బాధ్యత లాంచీ మీదే పడే సందర్భం రావచ్చు.

అందుకే ‘దారి హక్కు’ అనే మాట నాకు నచ్చదు. ఈ నియమావళి ఎవరికీ హక్కు ఇవ్వదు, ఇద్దరికీ పని చెబుతుంది. తప్పుకోవలసినవాడు ముందుగా, స్పష్టంగా తప్పుకోవాలి. రెండోవాడు తన దిశను, వేగాన్ని మార్చకుండా సాగాలి. ఎదుటివాడు తప్పుకోవడం లేదని తేలినప్పుడు రెండోవాడు కూడా చేయగలిగినది చేయాలి.

ఫ్లోట్ మెకానిక్ (బేగంపేట)

నావికుడు గారు చెప్పినదంతా నిజం. దాని పక్కన విమానం వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్పకపోతే సరంగులకు మేలు జరగదు. నేను విమానాల నిర్వహణ ఇంజనీరును, కొన్నేళ్లు అండమాన్‌లో తేలే కాళ్లున్న విమానాల దగ్గర పని చేశాను. ఆ కాళ్లనే ఫ్లోట్లు అంటాం. రెండు పొడవాటి బోలు పడవలను విమానం పొట్ట కింద బిగించినట్టు ఉంటాయి.

సీప్లేన్‌కు నీటి మీద బ్రేకులు లేవు. ఇంజను అంటుకున్న క్షణం నుంచి అది కదులుతూనే ఉంటుంది. ట్విన్ ఆటర్ లాంటి రెండు టర్బైన్ ఇంజన్ల విమానంలో ప్రొపెల్లర్ రెక్కల కోణం తిప్పి వెనక్కు నెట్టే వీలుంది. ఒకే పిస్టన్ ఇంజను ఉన్న చిన్న విమానాల్లో మామూలుగా ఆ వీలు కూడా ఉండదు. ఫ్లోట్ల చివర చిన్న నీటి చుక్కానులు ఉంటాయి, వాటిని నెమ్మదిగా నడిచేటప్పుడే దించుతారు. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వాటిని ఎత్తేస్తారు. తోక మీద నిలువుగా ఉన్న రెక్కను గాలి నెడుతూనే ఉంటుంది, అందుచేత ముక్కు తనంతట తానే గాలికి ఎదురు తిరుగుతుంది. గాలి బలంగా ఉన్నప్పుడు దాన్ని గాలివాటుకు తిప్పడానికి పైలట్ పడే అవస్థ దగ్గర నుంచి చూస్తే తప్ప తెలియదు.

ఇంజను ఆపేసిన సీప్లేన్ మరీ విచిత్రంగా కదులుతుంది. ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, వెనక్కు కొట్టుకుపోతుంది. పైలట్లు దీన్ని కావాలని కూడా చేస్తారు, రెక్కల చివర ఉన్న పలకలను, తోక చుక్కానిని తిప్పుతూ, తెరచాప పడవలా, విమానాన్ని వెనక్కు జరుపుకుంటూ గట్టుకు చేరుస్తారు. కాబట్టి ముక్కు ఎటు చూస్తోందో అటే వెళుతుందని పడవవాడు అనుకుంటే పొరపాటే. ఆగి ఉన్న సీప్లేన్‌ను దాటవలసి వస్తే దాని తోక వెనక, గాలివాటు వైపున ఇరుకుగా దూరకూడదు. ముక్కు ముందుకు అసలే వెళ్లకూడదు, తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి ఆనదు.

ఇక పైకి లేచే సమయం. మొదట అది పడవలాగే నీటిని చీల్చుకుంటూ నెమ్మదిగా పోతుంది. శక్తి పెంచగానే ఫ్లోట్ల ముందు భాగం లేచి, తోక దిగి, ముక్కు ఆకాశం వైపు తిరుగుతుంది. ఆ కొన్ని సెకన్ల పాటు పైలట్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న నీరు కనబడదు. అప్పుడు ఆయన ముందు ఇంజను కప్పు, దాని మీద ఆకాశం మాత్రమే ఉంటాయి. ఆ తరువాత విమానం ముందుకు వాలి, ఫ్లోట్ అడుగున ఉన్న మెట్టు లాంటి గంటు మీద నీటి పైపైన జారుతూ వేగం అందుకుంటుంది. దీన్ని మేము ‘స్టెప్ మీదకు రావడం’ అంటాం. ఈ దశలో చూపు బాగుంటుంది, కానీ వేగం గంటకు 100 కిలోమీటర్ల దాకా చేరుతుంది.

లెక్క వేసి చూడండి. గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. అర కిలోమీటరు దూరం 18 సెకన్లలో తరిగిపోతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోయే లాంచీ ఆ 18 సెకన్లలో జరిగేది 50 మీటర్లు. ట్విన్ ఆటర్ రెక్కల వెడల్పే 20 మీటర్లకు కొంచెం తక్కువ. విమానం పరుగు మొదలుపెట్టాక నియమం ఎవరి పక్షాన ఉందని వెతికే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే పైలట్ పరుగు మొదలుపెట్టక ముందే ఆ దారి అంతా ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి, ఖాళీగా లేకపోతే ఆగాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ గగన నియమాలు కూడా ఇదే చెబుతాయి. నీటి మీద దిగే, నీటి నుంచి లేచే విమానం సాధ్యమైనంత వరకు నౌకలన్నిటికీ దూరంగా ఉండి, వాటి ప్రయాణానికి అడ్డు రాకుండా చూసుకోవాలి. విమానం, నౌక దగ్గర పడి ప్రమాదం ఏర్పడితే, రెండింటి పరిమితులనూ గమనించుకుంటూ జాగ్రత్తగా సాగాలి.

కోఠి వకీలు (హైదరాబాద్)

ఇక్కడ ఒక మౌలికమైన సందేహం అడగాలి. నావికుడు గారు చెప్పిన 1972 నియమావళి తన పరిధిని మొదటి నియమంలోనే చెప్పుకుంటుంది. సముద్రానికి, సముద్రంతో కలిసి ఉండి సముద్ర నౌకలు తిరగగలిగిన నీటికి మాత్రమే అది వర్తిస్తుంది. నాగార్జునసాగర్ ఆనకట్ట వెనక ఉన్న జలాశయం, హుస్సేన్‌సాగర్ ఈ రెండూ ఆ కోవలోకి రావు. సముద్ర నౌక ఏదీ అక్కడికి రాలేదు. కాబట్టి 18వ నియమం సాగర్‌లో తనంతట తానుగా అమలు కాదు.

అక్కడ లాంచీలకు వర్తించేది దేశీయ జలయానాల చట్టం, 2021. ఇది 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. యంత్రం లేని పడవల విషయాన్ని ఈ చట్టం చాలావరకు రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు వదిలిపెట్టింది. విమానం మాత్రం ఎక్కడ దిగినా విమానయాన నియమాలకు లోబడే ఉంటుంది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది.

సాగర్‌కు ఇంకొక చిక్కు ఉంది. జలాశయం కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌ది, ఎడమ గట్టు తెలంగాణది. విజయపురి సౌత్ నుంచి ఒక ప్రభుత్వ లాంచీలు, నందికొండ వైపు నుంచి మరొక ప్రభుత్వ లాంచీలు ఒకే నాగార్జునకొండకు బయలుదేరతాయి. ఒక గట్టున ఒక నియమం, ఇంకో గట్టున ఇంకో నియమం ఉంటే నడి నీటిలో ఎదురైన ఇద్దరు సరంగులు దేన్ని నమ్మాలి? సీప్లేన్ రాకముందే రెండు రాష్ట్రాలూ కలిసి ఒకే స్థానిక నియమాన్ని ప్రకటించాలని నా గట్టి అభిప్రాయం.

పాత నావికుడు (సైనిక్‌పురి)

వకీలు గారి సవరణను పూర్తిగా అంగీకరిస్తున్నాను, నేనే ముందు చెప్పి ఉండవలసింది. ఆ మొదటి నియమమే మరొక మాట కూడా చెబుతుంది. ఓడరేవులకు, నదులకు, సరస్సులకు తగిన అధికారులు ప్రత్యేక నియమాలు చేసుకోవచ్చు, అయితే అవి వీలైనంత వరకు అంతర్జాతీయ నియమాలకు దగ్గరగా ఉండాలి. సముద్రంతో కలవని సాగర్‌కు ఆ మాట కూడా నేరుగా వర్తించదు, కానీ దాని వెనక ఉన్న ఆలోచన మనం అరువు తెచ్చుకోదగినదే. సరంగు నేర్చుకునే అలవాటు అన్ని చోట్లా ఒకటే కావాలి.

తెరచాప (సికింద్రాబాద్)

అందరికీ ధన్యవాదాలు. మెకానిక్ గారి మాటకు మాత్రం ఒక అభ్యంతరం చెప్పాలి. ‘దానికి బ్రేకులు లేవు, ముందు కనబడదు’ అని పదే పదే వింటే పడవవాడి చెవికి చేరేది ‘నువ్వే తప్పుకో’ అన్న ఒక్క మాటే. నాలుగేళ్ల కిందట హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహానికి ఉత్తరంగా మేము సాధన చేస్తుండగా ఒక మర పడవ మా మీదకు నేరుగా వచ్చింది. ఆ మర పడవ నడిపే మనిషికి మేము కనబడుతూనే ఉన్నాం, కానీ అంత మంది ప్రయాణికులున్న పడవ ఇద్దరు కుర్రాళ్ల కోసం ఎందుకు తిరగాలని ఆయన అనుకున్నట్టున్నారు. చివరి క్షణంలో తిరిగారు. ఆ అల మా పడవను బోర్లా కొట్టింది. నా వెంట ఉన్న అబ్బాయికి పదమూడేళ్లు. వాడు నీటిలో నుంచి తల ఎత్తి ఊపిరి తీసుకునే దాకా నేను పడిన వేదన ఇప్పటికీ మరచిపోలేదు. పెద్దదానికి చిన్నది తప్పుకోవాలనే అలవాటు చెరువులో ఇప్పటికే ఉంది, దానికి విమానాన్ని కూడా జోడిస్తే ఏమవుతుందన్నదే నా భయం.

ఫ్లోట్ మెకానిక్ (బేగంపేట)

మీ బాధ నాకు అర్థమైంది, ఆ అబ్బాయి క్షేమంగా బయటపడినందుకు సంతోషం. నా మాట అలా వినిపించి ఉంటే సరిదిద్దుకుంటాను. బ్రేకులు లేకపోవడం పైలట్‌కు మినహాయింపు కాదు, అదనపు బాధ్యత. బ్రేకులు లేవని తెలిసినవాడు పడవల మధ్యలో వేగం పెంచకూడదు. ఎదురుగా చూపు ఆగిపోతుందని తెలిసినవాడు ముందే వంకర టింకరగా నడిపి రెండు పక్కలా చూసుకోవాలి. నేను పని చేసిన చోట మంచి పైలట్లు లేచే ముందు ఆ దారి పొడవునా ఒకసారి నెమ్మదిగా నడిపి చూసేవారు. తేలుతున్న దుంగ ఉందా, పడవ లేపిన అల ఇంకా మిగిలి ఉందా, వల గుర్తుకు కట్టిన డబ్బా ఉందా అని వెతికేవారు. నీరు అద్దంలా నిశ్చలంగా ఉన్న రోజు దిగేటప్పుడు ఎత్తు అంచనా దొరకదు, ఆ రోజు పడవ వెనక మిగిలిన అలే వారికి ఆనవాలు. పడవ వారికి ఎప్పుడూ శత్రువు కాదు.

తెరచాప పడవల దగ్గర పైలట్లకు ఇంకో కష్టం ఉంది. మీరు గాలికి ఎదురు వెళ్లాలంటే ఎడమకు కొంత, కుడికి కొంత మళ్లుతూ పోతారు. మీరు ఎప్పుడు మళ్లుతారో బయటివాడికి తెలియదు. అందుకని అలాంటి సమయంలో మీరు చేయగలిగిన మేలు, ఉన్న దిశలో స్థిరంగా సాగడమే. కంగారుపడి చటుక్కున మళ్లితే, మిమ్మల్ని చూసి అప్పటికే ఒక పక్కకు తప్పుకున్న విమానం దారిలోకే మళ్లీ వస్తారు.

పాత నావికుడు (సైనిక్‌పురి)

పై రెండు మాటలకూ నడుమ ఒక ఉపాయం ఉంది. మామయ్య గారికి ఇది తప్పకుండా చెప్పండి. ఢీకొనే ప్రమాదం ఉందో లేదో కంటితోనే తేల్చుకోవచ్చు. లాంచీ దిశ మార్చకుండా, మీరు కూర్చున్న చోటు నుంచి తల కదపకుండా, ఎదుటి పడవను మీ లాంచీ కటకటాల్లోని ఒక కమ్మీకి ఎదురుగా చూడండి. కొంత సేపటికి అది కమ్మీకి ముందు వైపు జరిగితే మీ ముందు నుంచి దాటిపోతుంది, వెనక వైపు జరిగితే మీ వెనక నుంచి పోతుంది. కమ్మీ మీదే అతుక్కుని ఉండి, పెద్దదవుతూ పోతే మీరిద్దరూ ఒకే చోటుకు వస్తున్నారని అర్థం. నౌకల మీద దిక్సూచితో చేసేది కూడా ఇదే. కదలనట్టు కనబడేదే ప్రమాదం. కదలని దాన్ని కన్ను సులువుగా వదిలేస్తుంది కూడా, అనుభవం లేనివారు మోసపోయేది అక్కడే.

సీప్లేన్ నీటి మీద నెమ్మదిగా నడిచేటప్పుడు ఈ పరీక్ష లాంచీకి పనికివస్తుంది. పరుగు మొదలుపెట్టాక మాత్రం అంత సమయం ఉండదు. అప్పుడు గాలిని చూడాలి. సీప్లేన్ సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగా దిగుతుంది. లాంచీ మీద జెండా ఎటు రెపరెపలాడుతోందో చూస్తే విమానం పరుగు తీసే గీత ఎటు ఉంటుందో సరంగుకు ముందే తెలిసిపోతుంది. హారన్ మీద ఆశ పెట్టుకోవద్దు. అనుమానం కలిగితే ఐదు పొట్టి కూతలు వేయమని నియమం ఉంది, కానీ ఇంజను హోరులో, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకున్న పైలట్‌కు అవి వినబడవు.

పుట్టి వాళ్ల అబ్బాయి (హయత్‌నగర్)

మా నాన్న ఇప్పటికీ సాగర్ వెనక నీళ్లలో పుట్టి మీద వల వేస్తారు. చర్చ మొత్తం చదివాను, నాకు సంబంధించినది తక్కువే దొరికింది. పుట్టికి ఇంజను లేదు, తెరచాప లేదు, జెండా లేదు. తెడ్డుతో వేస్తే గుండ్రంగా తిరుగుతూ పోతుంది. నీటికి జానెడు ఎత్తులో ఉండే నల్లటి పుట్టి, అందులో కూర్చున్న ఒక మనిషి, తెల్లవారుజామున ఎదురెండలో విమానంలో ఉన్నవారికి ఎలా కనబడతాడు? నావికుడు గారు చెప్పిన నిచ్చెనలో మా నాన్న ఏ మెట్టు మీద ఉన్నాడు? ఇంకొక మాట. 2013 జూన్‌లో కేరళలో కొల్లం అష్టముడి సరస్సు నుంచి ప్రారంభించిన సీప్లేన్ సేవ మత్స్యకారుల నిరసనతో నిలిచిపోయింది. వారి భయం ప్రొపెల్లర్ గురించి కాదు, వేట నీరు పోతుందని. గీత గీసి ‘ఇది విమానానిది’ అంటే ఆ గీత లోపల వల వేసుకునేవాడు ఎక్కడికి పోవాలి?

పాత నావికుడు (సైనిక్‌పురి)

బాబూ, ఈ చర్చలో ఇంతవరకు అడిగిన ప్రశ్నలన్నిటిలో బరువైనది మీదే. నిజం చెప్పాలంటే, తెడ్డు పడవకు ఆ నిచ్చెనలో విడిగా మెట్టు లేదు. అయితే కదలికకు అడ్డు పడేలా వల పరిచి చేపలు పడుతున్న ఏ నౌకైనా చేపలు పట్టే నౌకే, ఆ నిర్వచనంలో ఇంజను ఉండాలన్న షరతు ఏదీ లేదు. కాబట్టి వల నీటిలో ఉన్నంత సేపు మీ నాన్న గారు లాంచీ కంటే, తెరచాప కంటే, సీప్లేన్ కంటే పై మెట్టు మీదే ఉన్నారని నా అభిప్రాయం. వల తీసేసి తెడ్డు వేసుకుంటూ పోతున్నప్పుడు ఆయనను కాపాడేది రెండో నియమం, అంటే అనుభవం ఉన్న నావికుడు తీసుకోవలసిన ఏ జాగ్రత్తనూ ఎవరూ వదిలిపెట్టకూడదనే సాధారణ బాధ్యత.

వేట నీరు పోతుందన్న దానికి నియమావళిలో సమాధానం లేదు. అది సర్కారు మీతో కూర్చుని తేల్చవలసిన విషయం, గీత గీసే ముందు తేల్చవలసిన విషయం.

కోఠి వకీలు (హైదరాబాద్)

ఆ కూర్చోవడం కాగితం మీద సంతకాలతో ముగియకూడదు. సరంగుల సంఘాలు, మత్స్య సహకార సంఘాలు రెండు గట్ల నుంచీ హాజరు కావాలి, ఏ వేళల్లో విమానం వస్తుందో తెలుగులో ముందుగా చెప్పాలి, వల నష్టపోతే ఎవరు చెల్లించాలో రాసి పెట్టాలి.

తెరచాప (సికింద్రాబాద్)

ఇతర దేశాల్లో పడవలు, సీప్లేన్లు ఒకే నీటిని ఎలా పంచుకుంటున్నాయో ఎవరైనా చెప్పగలరా?

ఫ్లోట్ మెకానిక్ (బేగంపేట)

మూడు చోట్ల సంగతి చెబుతాను. అమెరికాలో సియాటిల్ నగరం నడుమ లేక్ యూనియన్ అనే సరస్సు ఉంది. మన హుస్సేన్‌సాగర్ లాగే ఊరి మధ్యలో, తెరచాపలతో, తెడ్డు పడవలతో నిండి ఉంటుంది. అక్కడ సరస్సు మధ్యలో వరుసగా ఐదు బోయాలు, అంటే నీటి మీద తేలే గుర్తులు, పెట్టారు. విమానం దిగబోయే ముందు, లేవబోయే ముందు వాటి మీద పసుపు దీపాలు మిణుకుమంటాయి. అవి వెలిగితే ఆ వరుస నుంచి పక్కకు జరగమని పడవవారికి సూచన. అది సూచనే, ఆజ్ఞ కాదు. దీపాలు వెలిగినా పడవ అడ్డంగా ఉంటే పైలట్ ఆగవలసిందే.

కెనడాలో విక్టోరియా ఓడరేవు పద్ధతి ఇంకా కట్టుదిట్టమైనది. అక్కడ పసుపు బోయాలతో విమానాల దారిని విడదీశారు, చిన్న పడవలు ఆ బోయాలకు, గట్టుకు మధ్య నడవాలి, వేగానికి పరిమితి ఉంది. అదే దేశంలో వాంకూవర్ ఓడరేవులో ఒక ఎత్తైన భవనం మీద కట్టిన కంట్రోల్ టవర్ సీప్లేన్లను చూసుకుంటుంది, విమానాలు దిగే ప్రాంతాన్ని నౌకా పటాల్లో గుర్తించారు. అన్ని ఏర్పాట్లూ ఉన్న ఆ చోటే 2024 జూన్ 8న పైకి లేస్తున్న ఒక సీప్లేన్ ఒక విహార పడవను ఢీకొంది, పడవలోనివారు గాయపడ్డారు. బోయాలు, టవర్ ఉంటే చాలని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ సంఘటననే గుర్తు చేస్తాను. పైలట్ కన్ను, సరంగు కన్ను చేసే పనిని అవి తగ్గిస్తాయి, తీసేయవు.

కొత్త సభ్యుడు (మియాపూర్)

చిన్న సందేహం. 2009లో న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన ప్రయాణికుల విమానం కూడా అప్పుడు సీప్లేన్ కిందికి వస్తుందా?

పాత నావికుడు (సైనిక్‌పురి)

రాదండీ. నీటి మీద మసలడానికి తయారు చేసినది మాత్రమే సీప్లేన్. అది ఆపదలో ఉన్న విమానం. అక్కడ దారి ప్రశ్నే లేదు, దగ్గరలో ఉన్న ఫెర్రీలన్నీ పరుగున వెళ్లి ప్రయాణికులను ఎక్కించుకున్నాయి. సాగర్‌లో అలాంటిది జరిగినా మన లాంచీలు చేయవలసినది అదే.

తెరచాప (సికింద్రాబాద్)

నిన్న సాయంత్రం మామయ్యకు ఫోను చేసి ఇదంతా చదివి వినిపించాను. నిచ్చెన సంగతి విని కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, ‘అంటే విమానం కిందా, పుట్టి పైనా’ అని ఒకటికి రెండు సార్లు అడిగి నిర్ధారించుకున్నారు. కమ్మీ పరీక్ష గురించి చెబితే మాత్రం, ‘అది మేము రోజూ చేసేదేరా, పుస్తకంలో ఉందని తెలియదు’ అన్నారు. నందికొండ నుంచి వచ్చే లాంచీని ఆయన ఎప్పుడూ పైకప్పు మోసే ఎడమ పక్క రెండో స్తంభానికి ఎదురుగా పెట్టి చూస్తారట. స్తంభం దాటి ముందుకు పోతే తన వేగం తగ్గించుకోరట, స్తంభం మీదే నిలబడిపోతే ముందుగా చుక్కాని మీద చెయ్యి వేస్తారట.

ఒక్క విషయం మాత్రం ఆయనకు కొత్త. ఆగి ఉన్న విమానం ముక్కు ఒక వైపు చూస్తూ తాను ఇంకో వైపు కొట్టుకుపోతుందని చెబితే నమ్మలేదు. ‘ఆ మెకానిక్ గారిని తీసుకురా, బొమ్మ గీసి చూపిస్తే రేవులో అందరినీ పిలుస్తాను’ అన్నారు. మెకానిక్ గారూ, వచ్చే ఆదివారం మీకు వీలవుతుందా? ఉదయం ఆరు గంటలకు ఎల్.బి.నగర్ నుంచి కారులో బయలుదేరదాం. పుట్టి వాళ్ల అబ్బాయి గారు కూడా నాన్న గారిని తీసుకుని రేవుకు వస్తే బాగుంటుంది.

ఫ్లోట్ మెకానిక్ (బేగంపేట)

తప్పకుండా వస్తాను. బొమ్మ కంటే మంచిది నా దగ్గర ఉంది. మా అబ్బాయి కోసం చెక్కతో చేసిన చిన్న ఫ్లోట్ విమానం ఒకటి ఇంట్లో ఉంది. రేవు మెట్ల దగ్గర నీటిలో వదిలితే గాలి దాన్ని ఎలా తిప్పుతుందో, ఎటు తోస్తుందో మామయ్య గారే చూస్తారు.

పుట్టి వాళ్ల అబ్బాయి (హయత్‌నగర్)

నాన్నతో మాట్లాడాను. శనివారం రాత్రి వేసిన వల తీసుకుని తొమ్మిదింటికి విజయపురి రేవుకు వస్తానన్నారు. పుట్టి అంచుకు ఎర్ర గుడ్డ కడితే పైనుంచి కనబడుతుందా లేదా అని మెకానిక్ గారిని అడగమన్నారు.

ఫ్లోట్ మెకానిక్ (బేగంపేట)

అంచుకు కాదు, ఒక కర్రకు కట్టి నిలబెట్టమనండి. నీటి మీద పరిచినట్టున్న రంగు కంటే గాలిలో కదిలే రంగు చాలా ముందుగా కంటబడుతుంది. ఎరుపు కంటే నారింజ రంగు మేలు. వచ్చేటప్పుడు నాలుగు మీటర్ల గుడ్డ తెస్తాను.